రాజీ మంచిదే, కానీ ఎవరి షరతుల మీద?

2025 జూలై 1 నుంచి సెప్టెంబరు 30 దాకా దేశమంతటా 'మీడియేషన్ ఫర్ ది నేషన్' పేరుతో ఒక కార్యక్రమం నడిచింది. జాతీయ న్యాయసేవాధికార సంస్థ, సుప్రీంకోర్టు మధ్యవర్తిత్వ కమిటీ కలిసి చేపట్టిన ఈ కార్యక్రమంలో తాలూకా కోర్టుల నుంచి హైకోర్టుల దాకా పెండింగులో ఉన్న కేసులను మధ్యవర్తుల దగ్గరికి పంపారు. భార్యాభర్తల తగాదాలు, ప్రమాద పరిహారాలు, చెక్ బౌన్స్ కేసులతో పాటు ఆస్తి పంపకాలు, ఖాళీ చేయించే దావాలు, భూసేకరణ వివాదాలు కూడా అందులో ఉన్నాయి.

కోర్టుల భారం తగ్గాలన్న కోరికను కాదనలేం. జిల్లా, తాలూకా కోర్టుల్లో కోటికి పైగా సివిల్ కేసులు పెండింగులో ఉన్నాయి. తాత వేసిన దావాకు మనవడు వాయిదాలకు తిరిగే పరిస్థితి మన పల్లెల్లో కొత్తేమీ కాదు. ఆ ఆలస్యం అందరికీ ఒకేలా నష్టం చెయ్యదు. భూమి ఎవరి స్వాధీనంలో ఉంటే పంట వాళ్లింటికే పోతుంది. కాబట్టి కేసు ఎంత సాగితే ఆక్రమించినవాడికి అంత లాభం. వాయిదాకు వెళ్లిన ప్రతిసారీ ఒక రోజు కూలి పోగొట్టుకునే మనిషికి 'త్వరగా తేల్చేస్తాం' అన్న మాట ఆశగానే వినిపిస్తుంది.

అసలు సమస్య అక్కడే ఉంది. ఓపిక అయిపోయిన మనిషి పెట్టే సంతకాన్నీ, ఇష్టంతో పెట్టే సంతకాన్నీ చట్టం ఒకేలా చూస్తుంది. రెండు పక్షాల బలం సమానంగా ఉన్నప్పుడు రాజీ న్యాయానికి దగ్గరి దారి. ఒక పక్షం భూమి, అప్పు, నీళ్లు, కూలి పని అన్నీ రెండో పక్షం చేతిలో ఉన్నప్పుడు అదే రాజీ లొంగుబాటుకు చట్టబద్ధమైన రూపం అవుతుంది. అందుకే కోర్టు మేలా, మధ్యవర్తిత్వం మేలా అని తేల్చే ముందు, ఏ వివాదం ఏ దారికి పోవాలి, దాన్ని ఎవరు నిర్ణయిస్తున్నారు అన్నది తేల్చుకోవాలి.

నాలుగు దారులు, నాలుగు రకాల సంతకాలు

తెలుగు పత్రికల్లో ఆర్బిట్రేషన్‌నూ, మీడియేషన్‌నూ రెండింటినీ 'మధ్యవర్తిత్వం' అనే రాస్తారు. ఊళ్లో పెద్దమనుషుల పంచాయితీకీ అదే పేరు. కానీ చట్టం దృష్టిలో వీటి మధ్య చాలా తేడా ఉంది.

మీడియేషన్‌లో మధ్యవర్తి తీర్పు ఇవ్వడు. ఇరుపక్షాలూ ఒప్పుకుంటేనే ఒప్పందం, లేకపోతే కేసు మళ్లీ కోర్టుకే వస్తుంది. సివిల్ ప్రొసీజర్ కోడ్‌లోని 89వ సెక్షన్ 2002 జూలైలో అమల్లోకి వచ్చినప్పటి నుంచి కేసులను ఇలా పంపే అధికారం జడ్జీలకు ఉంది. లోక్ అదాలత్ కూడా రాజీ వేదికే. 2008లో జలౌర్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు, లోక్ అదాలత్‌కు సొంతంగా తీర్పు చెప్పే అధికారం లేదని స్పష్టం చేసింది. కానీ అక్కడ సంతకం పెట్టాక వచ్చే అవార్డు సివిల్ కోర్టు డిక్రీతో సమానం. దానిపై అప్పీలు లేదు. మోసం జరిగిందని అనుకుంటే రిట్ వేసుకుని హైకోర్టుకు వెళ్లాల్సిందే. కట్టిన కోర్టు ఫీజు తిరిగి వస్తుందన్న మాట అందరూ చెబుతారు, అప్పీలు ఉండదన్న మాట మాత్రం చాలామంది సంతకం పెట్టాకే వింటారు.

ఆర్బిట్రేషన్ పూర్తిగా వేరు. అక్కడ ఆర్బిట్రేటర్ తీర్పే ఇస్తాడు. 2021 డిసెంబరులో హైదరాబాద్‌లో అంతర్జాతీయ ఆర్బిట్రేషన్, మీడియేషన్ కేంద్రం ప్రారంభమైనప్పుడు ఇదంతా పెద్ద కంపెనీల వ్యవహారం అనిపించింది. కానీ ఫైనాన్సులో ఆటో, ట్రాక్టర్ తీసుకున్న కుర్రాడు సంతకం చేసే కాగితాల్లోనూ ఆర్బిట్రేషన్ షరతు ఉంటుంది. వాయిదాలు తప్పితే ఎక్కడో వేరే రాష్ట్రంలో కూర్చున్న ఆర్బిట్రేటర్ నుంచి నోటీసు వస్తుంది. వెళ్లకపోతే ఏకపక్షంగా అవార్డు ఇచ్చేస్తారు. దాన్ని అమలు చేయించడానికి మాత్రం కంపెనీ మన జిల్లా కోర్టుకే వస్తుంది. వివాదం ఫలితంతో ప్రయోజనం ఉన్నవాళ్లు ఒంటరిగా ఆర్బిట్రేటర్‌ను నియమించకూడదని 2019లో పెర్కిన్స్ ఈస్ట్‌మన్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అవార్డును సవాలు చేయడానికి గడువు మూడు నెలలు, తగిన కారణం చూపితే మరో ముప్ఫై రోజులు. ఆ గడువు దాటితే ఎంత మంచి వాదన ఉన్నా ఉపయోగం లేదు. కాబట్టి ఇలాంటి నోటీసు వస్తే పక్కన పడేయకూడదు.

కోర్టు మాటకొస్తే, న్యాయసేవాధికార సంస్థల చట్టం 12వ సెక్షన్ ప్రకారం ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయ సహాయం పొందే హక్కు ఉంది. అయినా ఆ చట్టం కింద నడిచే సంస్థలు ఊళ్లలో ఎక్కువగా లోక్ అదాలత్ పేరుతోనే తెలుసు. కేసు గెలవడానికి వకీలును ఇవ్వాల్సిన సంస్థ, కేసును రాజీ చేయించే సంస్థగా మాత్రమే గుర్తుండిపోవడం గురించి మనం ఆలోచించాలి.

అసైన్డ్ భూమి: రాజీకి లొంగని హక్కు

దళితుల సివిల్ తగాదాల్లో మొదట నిలిచేది అసైన్డ్ భూమి. 1977 నాటి అసైన్డ్ భూముల బదిలీ నిషేధ చట్టం, అంటే మనం పీవోటీ చట్టం అని పిలుచుకునేది, ఈ భూమి చేతులు మారడాన్ని నిషేధించింది. అమ్మకం ఒక్కటే కాదు, దానం, మార్పిడి, తాకట్టు, కౌలు, వాటి కోసం రాసుకునే ఒప్పందం కూడా ఆ చట్టంలో బదిలీ కిందికే వస్తాయి. అలాంటి బదిలీ చెల్లదు. భూమిని వెనక్కి తీసుకుని అసలు అసైనీకి, లేదా వారసులకు అప్పగించే అధికారం రెవెన్యూ అధికారులకు ఉంది.

చాలామంది పట్టించుకోని సంగతి ఒకటుంది. ఈ నిషేధం సివిల్ కోర్టు డిక్రీ అమలులో జరిగే బదిలీకీ, మరే ఇతర అధికార సంస్థ అవార్డు ద్వారా జరిగే బదిలీకీ వర్తిస్తుందని ఆ చట్టం 3వ సెక్షనే చెబుతోంది. ఆ నిబంధన ఊరికే పెట్టలేదు. అమ్మకానికి రిజిస్ట్రేషన్ కాదు కాబట్టి దొంగదారి ఒకటి ఉంటుంది. ముందు ఒక ఇంజంక్షన్ దావా పడుతుంది. కొన్ని వాయిదాలు నడుస్తాయి. తర్వాత 'ఊరి పెద్దల సమక్షంలో' రాజీ కుదురుతుంది. కొంత డబ్బు తీసుకుని భూమి మీద తనకు హక్కు లేదని అసైనీ ఒప్పుకుంటాడు. రాజీ డిక్రీ వస్తుంది. రిజిస్ట్రార్ ఆఫీసులో జరగని పని కోర్టు ముద్రతో జరిగిపోతుంది. చట్టం రాసినవాళ్లు ఈ దారిని ఊహించే మూసేశారు.

సివిల్ ప్రొసీజర్ కోడ్ 23వ ఆర్డరు కూడా, చట్టసమ్మతమైన ఒప్పందాన్నే రాజీగా నమోదు చేయాలంటుంది. అయితే ఒకసారి నమోదైన రాజీ డిక్రీని కొట్టేయమని విడిగా దావా వేయడానికి అదే ఆర్డరు ఒప్పుకోదు. డిక్రీ ఇచ్చిన కోర్టుకే తిరిగి వెళ్లి ఆ రాజీ చెల్లదని చెప్పుకోవాలి. ఈ దారి తెలియక తప్పు కోర్టులో ఏళ్లు పోగొట్టుకునే ప్రమాదం ఉంది.

ఒక హెచ్చరిక కూడా అవసరం. పీవోటీ చట్టం రెండు రాష్ట్రాల్లోనూ మారింది. తెలంగాణలో 2018 సవరణ కొందరు నిరుపేద కొనుగోలుదారులకు మినహాయింపు ఇచ్చింది. ఆంధ్రప్రదేశ్‌లో 2023 సవరణ, అసైన్ చేసి 20 ఏళ్లు దాటిన భూములపై బదిలీ హక్కును కల్పించింది. ఈ హక్కు దళితులకు ఆస్తి విలువ తెచ్చిపెట్టే మాట నిజమే. కానీ అంతదాకా బలవంతపు రాజీకి అడ్డుగా ఉన్న గోడ కూడా దాంతోనే కూలుతుంది. కాబట్టి ఇప్పుడు పట్టా తేదీ ఎంత ముఖ్యమో, సంతకం ఏ పరిస్థితిలో జరిగిందన్నదీ అంతే ముఖ్యం.

'ఇది సివిల్ తగాదా' అనే మాట

పోలీస్ స్టేషన్‌కు వెళ్లిన దళిత రైతు తరచూ వినే మాట 'ఇది సివిల్ మ్యాటర్, కోర్టుకు పోండి' అనేది. కానీ ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం దళితుల భూమిని అక్రమంగా ఆక్రమించడాన్ని, సాగు చేయడాన్ని, వాళ్లను భూమి నుంచి వెళ్లగొట్టడాన్ని నేరాలుగా గుర్తించింది. దళితుల మీద తప్పుడు, వేధింపు దావాలు వేయడాన్ని కూడా నేరాల జాబితాలో చేర్చింది. అంటే సివిల్ దావానే ఆయుధంగా వాడే పద్ధతి పార్లమెంటుకు తెలుసు.

కోర్టుల వైఖరి మాత్రం ఒకే దిశలో లేదు. 2020లో హితేష్ వర్మ కేసులో, భూమి హక్కు మీద తగాదా ఉన్నంత మాత్రాన, బాధితులు ఎస్సీలు అయినంత మాత్రాన ఈ చట్టం కింద నేరం కాదని సుప్రీంకోర్టు అంది. 2021లో రామావతార్ కేసులో మరో అడుగు వేసింది. పొరుగువాళ్ల మధ్య స్థలం తగాదా, ఇటుక విసిరి కులం పేరుతో తిట్టారన్న ఆరోపణ, కింది కోర్టులో శిక్ష. చివరికి ఇరుపక్షాలూ రాజీకి వచ్చామనడంతో, వివాదం స్వభావం ప్రధానంగా సివిల్ అని చెప్పి రాజ్యాంగం 142వ అధికరణం కింద కేసును ముగించింది. ఒత్తిడితో జరిగిన రాజీని కోర్టులు అంగీకరించకూడదని అదే తీర్పు హెచ్చరించింది కూడా. మొదటి మాట వాదనల్లో వినిపించినంతగా రెండో మాట వినిపించదు.

భూమినీ, కులాన్నీ విడదీసి చూడగలమా? 2012 జూన్ 12న శ్రీకాకుళం జిల్లా లక్ష్మీపేటలో ఐదుగురు దళితులను చంపారు. మడ్డువలస రిజర్వాయర్ కోసం సేకరించి, మిగిలిపోయిన భూమిని ఎవరు సాగు చేయాలన్నదే అక్కడి తగాదా. కాగితం మీద అది అధికారులు తేల్చాల్సిన భూవివాదం. దాన్ని తేల్చకుండా వదిలేస్తే ఏమవుతుందో ఆ ఊరు చూసింది.

సముదాయ మధ్యవర్తిత్వం ఎవరి సముదాయం?

2023 మీడియేషన్ చట్టంలో సముదాయ మధ్యవర్తిత్వానికి ప్రత్యేక అధ్యాయం ఉంది. ఒక ప్రాంతంలో శాంతి, సామరస్యాలకు భంగం కలిగించే వివాదాలను, ఇరుపక్షాల ముందస్తు అంగీకారంతో ముగ్గురు మధ్యవర్తుల ప్యానెల్ పరిష్కరించవచ్చు. సముదాయంలో గౌరవం ఉన్నవాళ్లు, స్థానికంగా సేవ చేసినవాళ్లు, నివాసుల సంఘాల ప్రతినిధులు ప్యానెల్‌లో ఉండొచ్చు. అక్కడి ఒప్పందానికి కోర్టు డిక్రీలా అమలయ్యే బలం లేదు. 2023 అక్టోబరు 9న అమల్లోకి తెచ్చిన సెక్షన్లలో ఈ అధ్యాయం లేదు కూడా. అందుకే మాట్లాడాల్సిన సమయం ఇదే.

ఊళ్లో 'గౌరవం ఉన్నవాళ్లు' అంటే ఎవరు? ఉత్తర తెలంగాణలో గ్రామాభివృద్ధి కమిటీలు జరిమానాలు, సాంఘిక బహిష్కరణలు విధించిన ఉదంతాలు ఎన్నో బయటికి వచ్చాయి. ఆ కమిటీల్లో కూర్చునేవాళ్లు కూడా ఊరి పెద్దలే. వాళ్లూ మాట్లాడేది ఊరి శాంతి గురించే. 1948 నవంబరు 4న రాజ్యాంగ సభలో, గ్రామాన్ని ఆదర్శంగా నిలబెట్టాలన్న వాదనను అంబేడ్కర్ గట్టిగా తిరస్కరించారు. ఊరి పెద్దరికం కులం మీద నిలబడినప్పుడు దానికి చట్టం ముద్ర వేస్తే పాత పంచాయితీకే కొత్త బోర్డు తగిలించినట్టు. ప్యానెల్ ఏర్పాటులో మహిళలు, ఇతర వర్గాల ప్రాతినిధ్యాన్ని పరిగణనలోకి తీసుకోవాలని చట్టం అంటోంది. పరిగణన సరిపోదు. ఒక పక్షం దళితులైతే ప్యానెల్‌లో దళిత మధ్యవర్తి తప్పనిసరి అని నిబంధనల్లో రాయించాలి.

సంతకానికి ముందు

2010లో అఫ్కాన్స్ కేసులో సుప్రీంకోర్టు ఏ కేసులు మధ్యవర్తిత్వానికి తగినవో, ఏవి కావో జాబితా ఇచ్చింది. మోసం, ఫోర్జరీ, బలవంతం గురించి తీవ్రమైన, నిర్దిష్టమైన ఆరోపణలున్న కేసులు, క్రిమినల్ నేరాల కేసులు తగనివాటిలో ఉన్నాయి. భూమి దావాలో బలవంతంగా వెళ్లగొట్టారన్న విషయాన్ని మొదటి నుంచే వివరాలతో రాయించడం అందుకే అవసరం. అలా రాసి ఉంటే, ఈ కేసు రాజీకి పంపదగింది కాదని వకీలు అడగడానికి ఆధారం ఉంటుంది.

కార్యకర్తలు, లా విద్యార్థులు రాజీకి వెళ్లే ప్రతి కుటుంబంతో కొన్ని విషయాలు కూర్చుని చూడొచ్చు. భూమి అసైన్డ్‌దా, పట్టా ఏ సంవత్సరానిది? ఒప్పందం చదివి వినిపించారా, వారసులందరికీ తెలుసా? మైనర్ల వాటా ఉంటే కోర్టు అనుమతి తీసుకున్నారా? భూమి తగాదా రాజీతో పాటు అత్యాచార కేసులో సాక్ష్యం మార్చుకోవాలన్న షరతు ఏమైనా లోపల ఉందా? అవతలి పక్షం పొలంలోనే కూలికి వెళ్తున్న కుటుంబమైతే, రాజీకి ఒప్పుకోకపోతే రేపటి పని ఏమవుతుంది? ఈ చివరి ప్రశ్న ఏ ఫారంలోనూ ఉండదు, కానీ మిగతా జవాబులన్నీ దాని మీదే ఆధారపడతాయి.

తెలంగాణలో 2020 చట్టం రెవెన్యూ కోర్టులను రద్దు చేసి చిన్న రైతును సివిల్ కోర్టు మెట్ల దగ్గరికి నెట్టింది. 2025 ఏప్రిల్ 14న అమల్లోకి వచ్చిన భూభారతి చట్టం అప్పీళ్లను మళ్లీ రెవెన్యూ అధికారుల దగ్గరికి తెచ్చింది. వేదికలు ఇలా మారుతూనే ఉంటాయి. ఏ వేదికైనా దళిత కుటుంబం పక్కన ఒక వకీలు ఉన్నాడా, 'ఒప్పుకోను' అని చెప్పి క్షేమంగా ఇంటికి వెళ్లే అవకాశం ఉందా అన్నదాన్ని బట్టే దాని విలువ కట్టాలి. ఆ రెండూ లేని చోట ఎన్ని కేసులు పరిష్కారమయ్యాయన్న లెక్కలో దళితులు పోగొట్టుకున్న ఎకరాలు కూడా కలిసిపోయి ఉంటాయి. న్యాయసేవాధికార సంస్థలు పరిష్కారమైన కేసుల సంఖ్యతో పాటు, భూమి కేసుల్లో రాజీ తర్వాత భూమి ఎవరి స్వాధీనంలో ఉందో కూడా ప్రకటించాలని మనం అడగాలి.