అవినీతి సొమ్ముకు ఆత్మగౌరవం ముసుగు

దైవప్రవక్త ముహమ్మద్ (సఅసం) యువకులుగా ఉన్న రోజుల్లో, ఇంకా ప్రవక్త పదవి లభించకముందు, మక్కాలో జరిగిన ఒక సంఘటన సీరత్ గ్రంథాల్లో ఉంది. యమన్ ప్రాంతంలోని జుబైద్ తెగకు చెందిన ఒక వర్తకుడు సరుకు తెచ్చాడు. ఖురైషు పెద్దల్లో ఒకడైన ఆస్ బిన్ వాయిల్ ఆ సరుకు తీసుకుని సొమ్ము ఎగవేశాడు. వర్తకుడు పరదేశి. మక్కాలో అతనికి తెగ బలం లేదు. ఎవరి గుమ్మం తొక్కినా ఆస్ మావాడు, అతనికి ఎదురు చెప్పలేమన్నారు. చివరికి అతను కొండెక్కి, అందరూ వినేలా తన గోడు వెళ్ళబోసుకున్నాడు. అప్పుడు కొన్ని తెగలవారు అబ్దుల్లాహ్ బిన్ జుద్ఆన్ ఇంట్లో సమావేశమయ్యారు. అన్యాయానికి గురైనవాడు ఏ తెగవాడైనా సరే, అన్యాయం చేసినవాడు ఎంతటివాడైనా సరే, హక్కు దక్కేదాకా బాధితుని పక్షాన నిలబడాలని ఒప్పందం చేసుకున్నారు. ఆస్ దగ్గరికి వెళ్ళి సొమ్ము ఇప్పించారు. ఇదే హిల్ఫుల్ ఫుజూల్.

ఆ సమావేశంలో దైవప్రవక్త (సఅసం) స్వయంగా పాల్గొన్నారు. ఇస్లాం వచ్చిన తర్వాత కూడా అటువంటి ఒప్పందానికి తనను పిలిస్తే వెళ్తానని చెప్పారు. ఇక్కడ గమనించవలసింది ఒకటుంది. ఆ ఒప్పందానికి పిలిచినవారు ముస్లిములు కారు. న్యాయం కోసం పిలుపు ఎవరి నోట వచ్చింది అన్నది ఆయన చూడలేదు, పిలుపు న్యాయమైనదా కాదా అన్నదే చూశారు.

ఈ కాలపు ప్రభుత్వాలు కూడా ఇలాంటి ఒప్పందం ఒకటి చేసుకున్నాయి. 2003లో ఐక్యరాజ్యసమితి అవినీతి వ్యతిరేక ఒప్పందాన్ని ఆమోదించింది. 2005 డిసెంబర్‌లో అది అమలులోకి వచ్చింది. మలేసియా 2008లో, మన భారతదేశం 2011లో దాన్ని ధ్రువీకరించాయి. ఒక దేశంలో ప్రజాధనం దోచి మరో దేశపు బ్యాంకుల్లో దాచుకుంటే, దర్యాప్తుకు కావలసిన కాగితాలు, సాక్ష్యాలు ఇచ్చి ఆ రెండు దేశాలు ఒకదానికొకటి సహకరించాలి. దోచిన సొమ్ము ఎవరిదో వారికి తిరిగి చేరాలి. ఇంతే దాని సారాంశం. చదవడానికి ఇంత మంచి మాట మరొకటి ఉండదు. కాని కాగితాలు అడిగే రోజు వచ్చినప్పుడు ప్రభుత్వాలకు హఠాత్తుగా సార్వభౌమత్వం, జాతి గౌరవం గుర్తుకొస్తాయి.

దీనికి మలేసియా ఉదంతాన్ని మించిన ఉదాహరణ లేదు. ముస్లింలు అధిక సంఖ్యలో ఉన్న దేశం కాబట్టి మనం మరింత శ్రద్ధగా చూడవలసిన ఉదంతం కూడా.

2009లో ప్రధాని నజీబ్ రజాక్ హయాంలో అక్కడ 1ఎం.డి.బి. అనే ప్రభుత్వ అభివృద్ధి నిధి ఏర్పడింది. దేశాభివృద్ధికని అప్పులు తెచ్చారు. అందులో 450 కోట్ల డాలర్లకు పైగా దారి మళ్ళిందని ఆ తర్వాత అమెరికా న్యాయశాఖ తేల్చింది. ఆ సొమ్ముతో విలాస నౌక, ఖరీదైన భవనాలు, చిత్రపటాలు, నగలు కొన్నారు. హాలీవుడ్ సినిమా కూడా తీశారు. 2015 జూలైలో, సుమారు 70 కోట్ల డాలర్లు నజీబ్ సొంత బ్యాంకు ఖాతాల్లోకి వచ్చాయని ఒక అమెరికన్ పత్రిక బయటపెట్టింది. అదే నెలాఖరులో ప్రశ్నించిన ఉప ప్రధాని పదవి పోయింది. అటార్నీ జనరల్ పదవీ పోయింది.

కొత్త అటార్నీ జనరల్ 2016 జనవరిలో ఒక ప్రకటన చేశారు. ఆ 68.1 కోట్ల డాలర్లు సౌదీ రాజకుటుంబం ఇచ్చిన విరాళమనీ, ప్రధాని ఏ తప్పూ చేయలేదనీ దాని సారాంశం. మూడు రోజులు తిరగకముందే స్విట్జర్లాండ్ ప్రాసిక్యూటర్ కార్యాలయం, మలేసియా ప్రభుత్వ సంస్థల నుంచి 400 కోట్ల డాలర్ల దాకా స్వాహా అయినట్లు అనుమానిస్తున్నామని చెప్పి, దర్యాప్తులో సహకరించమని మలేసియాను కోరింది. మలేసియా ఒప్పుకోలేదు. అదే ఏడాది స్విట్జర్లాండ్ రెండోసారి కోరింది. మళ్ళీ అదే జవాబు. జూలైలో అమెరికా న్యాయశాఖ వంద కోట్ల డాలర్లకు పైబడిన ఆస్తుల జప్తు కోసం కోర్టుకెక్కింది. ఇది మన ప్రభుత్వాన్ని కూల్చడానికి విదేశీయులు పన్నిన కుట్ర అని నజీబ్ మద్దతుదారులు ప్రచారం చేశారు. ఎవరి డబ్బు పోయిందో ఆ దేశమే, మా డబ్బు పోలేదు, మీకెందుకు అని పొరుగువారిపై కోపగించుకుంది. ఇంట్లో దొంగ పడ్డాడని ఇరుగుపొరుగు కేక వేస్తే, ఇంటి యజమాని వారి మీదే విరుచుకుపడినట్లుంది ఈ వ్యవహారం.

విరాళం అన్న మాట దగ్గర ముస్లిం పాఠకుడు ఒక్క క్షణం ఆగాలి. దైవప్రవక్త (సఅసం) ఇబ్నుల్ లుత్‌బియ్యా అనే వ్యక్తిని జకాత్ వసూలుకు పంపారు. అతను తిరిగి వచ్చి వసూలు చేసిన దాన్ని రెండు భాగాలు చేశాడు. ఇది మీకు, ఇది నాకు కానుకగా వచ్చింది అన్నాడు. ఆయన (సఅసం) మింబర్ ఎక్కి, ఈ మనిషి తన తల్లిదండ్రుల ఇంట్లో కూర్చుని ఉంటే ఈ కానుకలు అతన్ని వెతుక్కుంటూ వచ్చేవా అన్న భావంతో ప్రజల ముందు గట్టిగా నిలదీశారు. ఈ హదీసు బుఖారీ, ముస్లిం గ్రంథాలు రెండింటిలోనూ ఉంది. పదవిలో ఉన్నవాడికి వచ్చే కానుక కానుక కాదు, పదవికి వచ్చే ధర అని పద్నాలుగు శతాబ్దాల క్రితమే తేలిపోయింది. పదవి లేని నజీబ్ ఖాతాలోకి ఎవరైనా 68 కోట్ల డాలర్లు పంపేవారా? ఈ ఒక్క ప్రశ్న ఆనాడు మలేసియా మస్జిదుల్లో గట్టిగా వినిపించి ఉంటే, స్విట్జర్లాండ్ ఉత్తరాల అవసరమే ఉండేది కాదు.

మరో బాధాకరమైన విషయం. మలేసియాలో తాబుంగ్ హాజీ అనే సంస్థ ఉంది. సామాన్య ముస్లింలు హజ్ యాత్ర కోసం కొద్దికొద్దిగా దాచుకునే సొమ్ము అందులో ఉంటుంది. 2015లో ఆ సంస్థ చేత 1ఎం.డి.బి. భూమిని దాదాపు 19 కోట్ల రింగిట్లకు కొనిపించారు. అప్పుల్లో మునిగిన నిధిని ఒడ్డున పడేయడానికి హాజీల సొమ్ము వాడుతున్నారా అని ప్రజలు మండిపడ్డారు. మరోవైపు 1ఎం.డి.బి. పేరుతోనే నడిచిన ధర్మసంస్థ ద్వారా గ్రామాల ఇమాములను హజ్‌కు పంపారు. ఆ ఇమాముల తప్పు ఏమీ లేదు. కాని దోచినవాడు దానధర్మాల నీడలో ఎలా నిలబడతాడో దీన్నిబట్టి అర్థమవుతుంది. 1ఎం.డి.బి.కి ఒకప్పుడు అనుబంధంగా ఉన్న మరో సంస్థ ప్రభుత్వోద్యోగుల పింఛను నిధి నుంచి 400 కోట్ల రింగిట్లు అప్పు తీసుకుంది. అంటే హాజీ సొమ్ము, ముసలివారి పింఛను. జాతి గౌరవం పేరుతో కాపాడింది వీరినా, వీరి సొమ్ము తిన్నవారినా?

2018 మే 9 ఎన్నికల్లో నజీబ్ ఓడిపోయారు. ప్రభుత్వం మారింది. అంతవరకు కుట్ర అనిపించుకున్న విదేశీ కాగితాలే ఒక్కసారిగా సాక్ష్యాలయ్యాయి. ఫిబ్రవరిలో అమెరికా కోరిక మీద ఇండొనేషియా బాలి తీరంలో పట్టుకున్న విలాస నౌకను ఆగస్టులో మలేసియాకు అప్పగించింది. 2019లో దాన్ని 12.6 కోట్ల డాలర్లకు అమ్మారు. అమెరికా 2024 నాటికి సుమారు 140 కోట్ల డాలర్లు తిరిగి ఇచ్చింది. నజీబ్‌కు 2020లో 12 ఏళ్ళ శిక్ష పడింది. 2022 ఆగస్టులో జైలుకు వెళ్ళారు. 2024లో క్షమాభిక్ష మండలి ఆ శిక్షను సగానికి తగ్గించింది. 2025 డిసెంబర్‌లో కౌలాలంపూర్ హైకోర్టు సౌదీ విరాళం వాదనను తోసిపుచ్చి, ప్రధాన కేసులో కూడా ఆయనను దోషిగా నిర్ణయించి, 15 ఏళ్ళ శిక్ష వేసింది. తాను నిర్దోషినని ఆయన అంటూనే ఉన్నారు. అప్పీలు చేసుకునే హక్కు ఆయనకు ఉంది. కాని కాగితాలు మారలేదు, చట్టం మారలేదు, ఒప్పందం మారలేదు, మారింది కుర్చీలో మనిషి మాత్రమేనన్నది గమనార్హం. సహకరించకపోవడానికి కారణం సార్వభౌమత్వమే అయితే, అది ఎన్నికల మర్నాడు ఎక్కడికి పోయింది?

అలాగని అడిగేవారంతా నీతిమంతులని కూడా అనుకోనక్కర్లేదు. దొంగ సొమ్ము దాచిన బ్యాంకులు ఎవరివి? 2012, 2013 సంవత్సరాల్లో 1ఎం.డి.బి.కి 650 కోట్ల డాలర్ల అప్పు సమకూర్చి, సుమారు 60 కోట్ల డాలర్లు రుసుముగా పుచ్చుకున్నది అమెరికాకు చెందిన గోల్డ్‌మన్ శాక్స్. 2020లో ఆ బ్యాంకు మలేసియాతో 390 కోట్ల డాలర్ల రాజీ కుదుర్చుకోవలసి వచ్చింది. సింగపూర్‌లో రెండు స్విస్ బ్యాంకుల శాఖలు మూతపడ్డాయి. తమ కోర్టులో కేసు నడుస్తుండగానే 2017 సెప్టెంబర్‌లో అమెరికా అధ్యక్షుడు నజీబ్‌ను శ్వేతసౌధానికి ఆహ్వానించి కరచాలనం చేశారు. ఈ కేసును నడిపిన ప్రత్యేక విభాగాన్నే 2025 ఫిబ్రవరిలో అమెరికా రద్దు చేసింది. విదేశాల్లో లంచాలిచ్చే తమ కంపెనీలపై చట్టం అమలును కూడా అదే నెలలో కొంతకాలం నిలిపివేసింది. ఇతరుల ఇంటిని ఊడ్చమని చెప్పేవాడు తన గుమ్మంలో చీపురు దాచుకుంటే అతని మాట ఎవరు నమ్ముతారు? మనకు అక్కరగా ఉన్నప్పుడు న్యాయం, లేనప్పుడు స్నేహం అనే పద్ధతి వల్లే బలహీన దేశాల్లో దొంగలకు కుట్ర అనే సాకు దొరుకుతోంది.

మన దేశం కూడా దీనికి అతీతం కాదు. బోఫోర్స్ లంచాల కేసులో స్విస్ బ్యాంకు కాగితాల కోసం మన దర్యాప్తు సంస్థే ప్రయత్నిస్తుంటే, 1992లో మన విదేశాంగ మంత్రి మాధవ్‌సింహ్ సోలంకి ఆ దర్యాప్తుకు అడ్డుపడే కాగితాన్ని స్విస్ మంత్రి చేతిలో పెట్టారు. సంగతి బయటపడి రాజీనామా చేశారు. ఒక చేత్తో కాగితాలు అడగడం, మరో చేత్తో ఇవ్వవద్దని సైగ చేయడం! కాగితాల్లో కొంత భాగం మన చేతికి వచ్చేసరికి 1997 అయింది. న్యాయం ఆలస్యం కావడానికి ఎప్పుడూ అవతలి దేశమే కారణం కాదని దీన్నిబట్టి తెలుస్తోంది.

దివ్య ఖుర్ఆన్‌లో నిసా సూరా 105వ ఆయత్ నుంచి కొన్ని ఆయతులు ఒక దొంగతనం సందర్భంగా అవతరించాయని వ్యాఖ్యాతలు రాశారు. మదీనాలో తుఅమా అనే వ్యక్తి కవచం దొంగిలించి, నేరం ఒక యూదుని మీదకు నెట్టాడు. అతని వంశంవారు మావాడని వెనకేసుకొచ్చారు. అల్లాహ్ ఆయతులు అవతరింపజేసి ఆ యూదుని నిర్దోషిగా నిలబెట్టాడు. ద్రోహుల తరఫున వాదించవద్దని హెచ్చరించాడు. మతాన్ని చూసి నేరాన్ని తూచరాదనడానికి ఇంతకంటే స్పష్టమైన ఆదేశం ఏం కావాలి?

ఈ హెచ్చరిక దూర దేశపు ప్రధానులకు మాత్రమే అనుకుంటే పొరపాటు. ఒక ముస్లిం నాయకుడి మీద విదేశంలో ఆరోపణ రాగానే, కాగితం చూడకముందే, ఇది ఇస్లాం వ్యతిరేకుల పని అనేవారు మన మొహల్లాల్లో ఎందరు లేరు? వక్ఫ్ భూమి లెక్క అడిగితే, బయటివారి ముందు మన పరువు తీయకండి అనే ముతవల్లీలు లేరా? మస్జిదు కమిటీ పద్దు చూపమంటే అలిగే పెద్దలు లేరా? మలేసియా ప్రభుత్వం స్విట్జర్లాండ్‌కు చెప్పిన జవాబు, ముతవల్లి మొహల్లా యువకుడికి చెప్పే జవాబు ఒక్కటే. పరువు పోయేది లెక్క అడిగినందువల్ల కాదు, లెక్క లేనందువల్ల.

కాబట్టి ప్రభుత్వాలు చేయవలసింది ఇది. సాక్ష్యాల కోసం వచ్చిన ఉత్తరానికి జవాబిచ్చే అధికారం, ఏ మంత్రి మీద ఆరోపణ ఉందో అతని చేతి కింద పనిచేసే అధికారికి ఉండరాదు. నిరాకరిస్తే కారణం ప్రజలకు చెప్పాలి. సొమ్ము దాచిన దేశాలు తమ బ్యాంకుల తలుపులు ముందు తెరిచి, తర్వాత ఇతరులకు నీతి చెప్పాలి. మనం చేయవలసింది ఇంకా సులువు. ఏ దేశం అడిగింది, ఏ మతంవాడిని అడిగింది అని చూడకుండా, సొమ్ము ఎవరిది, ఎవరి దగ్గరుంది అని మాత్రమే అడగాలి. మాయిదా సూరాలో పుణ్యకార్యాల్లో సహకరించుకోవాలనీ, పాపంలో, దౌర్జన్యంలో సహకరించుకోరాదనీ ఉన్న ఆదేశానికి సరిహద్దులు లేవు.

ప్రళయ దినాన ప్రతి మనిషీ తన సంపాదన ఎక్కడిది, ఎలా ఖర్చు చేశావు అన్న ప్రశ్నకు జవాబు చెప్పుకోవాలి. అక్కడ ఏ దేశపు సార్వభౌమత్వమూ అడ్డురాదు. ఆ లెక్కకు ముందే ఈ లోకంలో మన లెక్కలు సరిచేసుకునే సద్బుద్ధిని పాలకులకూ, మనకూ అల్లాహ్ ప్రసాదించుగాక. ఆమీన్.