సూక్ష్మజీవులు చేయు సబ్బు

చేమాకుపై నీరు పోసినచో ముత్యములవలె దొర్లిపోవుట మా విద్యార్థులందరు నెరిగినదే. ఆకుమీది మైనపుపొర నీటిని నిలువనీయదు. పైరుపై చల్లు మందునకును ఇదే గతి పట్టును గనుక, మందునీటిలో సబ్బువంటి జిగురుమందు నొకదానిని కలుపుట వాడుక. నీటి తలతన్యత తగ్గినగాని మందు ఆకంతటను పరచుకొనదు.

ఆ జిగురుమందు దేనితో చేయబడినదో అడుగువారు అరుదు. కొన్నింటియందు నోనైల్ ఫినాల్ సంబంధమైన ద్రవ్యములున్నవి. అవి కాలువలలో చేరి విడిపోయి, చేపల సంతానవృద్ధిని చెరచు పదార్థముగా మారును. ఐరోపాలో 2003వ సంవత్సరపు శాసనము వీని వాడుకను మిక్కిలి నిర్బంధించినది. సముద్రమునందును ఇట్టి కథయే జరిగినది. 1967లో టోరీ కాన్యన్ అను నూనెయోడ ఇంగ్లండు నైరృతి తీరమున బండలకు తగిలి పగిలినప్పుడు, నూనెతెట్టెను చెదరగొట్టుటకై సుమారు 10,000 టన్నుల మార్జకద్రవ్యములను చల్లిరి. తీరపు జీవులను నూనెకంటె ఆ ద్రవ్యములే ఎక్కువగా చంపినవని పిమ్మట తేలినది. శుభ్రపరచు వస్తువే విషమైనది!

ఇట్టి పనినే కొన్ని సూక్ష్మజీవులు స్వయముగా చేయుచున్నవి. మంటియందుండు బాసిల్లస్ సబ్టిలిస్ అను జీవి సర్ఫాక్టిన్ అను పదార్థమును పుట్టించును. 1968లో జపానువారు దానిని వేరుపరచిరి. అది నీటి తలతన్యతను మీటరునకు 72 మిల్లీన్యూటనులనుండి 27కు దించగలదు. సూడోమోనాస్ జాతివి చేయు రామ్నోలిపిడ్లు మరియొక మేలు చేయును: నారుకుళ్లు కలిగించు పిథియం జాతి వాని ఈదు బీజములకు కణకవచము లేనందున వానిని పగులగొట్టును. ఇవి మంటిలో సులభముగ కుళ్లి నశించును.

అయినను, ప్రకృతిసిద్ధమైనదెల్ల నిరపాయమని మేము చెప్పజాలము. మన యింటి కుంకుడురసము చేపలకు విషమే గదా. రామ్నోలిపిడ్లను విరివిగా చేయు సూడోమోనాస్ ఎరుగినోసా కాలిన పుండ్లలో చేరి రోగులను బాధించునది. కావున పొలమునకు పోవలసినది శుద్ధిచేసిన పదార్థమే గాని ఆ జీవి కాదు.

ఇక ధర. పెంపకపు తొట్లలో నురుగు పొంగి పొర్లుట, శుద్ధిచేయు వ్యయము, ఇవన్నియు కలిసి వీనిని రసాయనపు సబ్బులకంటె ప్రియము చేయుచున్నవి. చక్కెర మిల్లుల మడ్డితోను, వాడిన నూనెతోను ఈ జీవులను పెంచు ప్రయత్నములు జరుగుచున్నవి. మన జిల్లాలలో మడ్డికి కొదువ లేదు. వ్యవసాయ కళాశాలలు ఈ పనికి పూనుకొనవలెనని మా అభిప్రాయము. అంతవరకు ప్రతి మందుసీసాపై లోపలి జిగురుమందు పేరు తెలుగున ముద్రింపవలెనని తల్లిదండ్రులు గట్టిగా అడుగవచ్చును.