ఇల్లు చూసి మైకును చూడు

మా ఇంట్లో ఐదు నెలలుగా ఒక ఎక్సెల్ షీటు పెరుగుతోంది. దాని పేరు "అమ్మ మైకు".

అమ్మకి పాత పాటలు చాలా వచ్చు. లాలి పాటలు, మంగళహారతులు, అప్పగింతల పాటలు. వాళ్ళమ్మ పాడుతుంటే విని నేర్చుకున్నవి, ఎక్కడా రాసి పెట్టుకున్నవి కావు. ఆర్నెల్లు ఉండి వెళ్దామని డాలస్‌లో మా దగ్గరికి వచ్చింది. ఈసారి ఎలాగైనా అన్నీ రికార్డ్ చేసెయ్యాలనుకున్నా. ఫోన్లో కాదు, పదికాలాలు నిలిచేలా, స్టూడియో కండెన్సర్ మైకుతో. సాఫ్ట్‌వేరోణ్ణి కదా, పని మొదలెట్టకుండా రీసెర్చ్ మొదలెట్టాను.

ఈ దారిలో వెళ్ళే ఎవడైనా చివరికి తేలేది ఒక్క చోటే: నాయ్‌మన్ యూ87. 1967లో వచ్చిన జర్మన్ మైకు. 1986లో మార్చిన రూపంలో ఇప్పటికీ అమ్ముతున్నారు. ధర మూడున్నర వేల డాలర్ల పైమాటే. అదే కంపెనీది టీఎల్ఎం 103 వెయ్యి పైచిలుకు. ఆస్ట్రేలియా వాళ్ళ రోడ్ ఎన్‌టీ1 అయితే రెండొందల యాభై చుట్టుపక్కల.

నా షీట్లో "సెల్ఫ్ నాయిస్" అని ఒక కాలమ్ ఉంది. అంటే మైకు తనంతట తాను చేసే సన్నటి బుస. యూ87కి అది 12 డెసిబెల్స్, టీఎల్ఎం 103కి 7, ఎన్‌టీ1కి దాదాపు 4. ఇందులో అన్నిటికంటే చవకదే అన్నిటికంటే నిశ్శబ్దం! ఈ ఒక్క చిక్కుముడి మీదే మూడు వారాలు గడిపాను. కానీ రాత్రిపూట సద్దుమణిగిన పడకగదిలో కూడా చప్పుడు 30 డెసిబెల్స్ దాకా ఉంటుంది. ఇక ఏసీ నడుస్తుంటే చెప్పక్కర్లేదు. నాలుగైతేనేం, పన్నెండైతేనేం?

ఇది నాకు ఒక శనివారం తెలిసొచ్చింది. స్టూడియో ఉన్న ఒక స్నేహితుడు తన యూ87 ఒక పూటకి అరువిచ్చాడు. హాల్లో సోఫా మీద అమ్మని కూర్చోబెట్టి, 48 వోల్టుల ఫాంటమ్ పవర్ ఆన్ చేసి, ఊపిరి బిగబట్టి రికార్డ్ చేశాను. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని వింటే, అమ్మ పాట ఉంది. వెనకాల ఫ్రిజ్ శ్రుతి ఉంది. పక్కింటి లాన్ మోవర్ తాళం ఉంది. ఎత్తైన గోడలకి తగిలి తిరిగొచ్చిన అమ్మ గొంతు ఇంకోటి ఉంది. తప్పు మైకుది కాదు. అది ఉన్నదున్నట్టు విన్నది.

మర్నాడు బట్టల క్లోజెట్లో కుర్చీ వేశాను. మూడు వైపులా చీరలు, చలికోట్లు, వెనకాల ఒక బొంత. ఏసీ ఆపేశాను. మైకు మాత్రం రెండొందల డాలర్ల పాతది, ఎప్పుడో కొని మూలపడేసింది. నోటికి జానెడు దూరంలో, కాస్త పక్కకి తిప్పి పెట్టాను, ప, భ లాంటి అక్షరాల గాలి నేరుగా తగలకుండా. దూరం సగానికి తగ్గిస్తే గొంతు దాదాపు 6 డెసిబెల్స్ పెరుగుతుంది, గది మోత పెరగదు. పైసా ఖర్చు లేని ఈ లాభాన్ని ఏ షాపువాడూ అమ్మడు. నిన్నటి రికార్డింగు, ఇదీ పక్కపక్కన పెట్టి వినిపిస్తే మా ఆవిడ తడుముకోకుండా క్లోజెట్‌కే ఓటేసింది.

ఖరీదైన మైకులన్నీ దండగ అనడం లేదు. గదిని పద్ధతిగా సిద్ధం చేసుకుని, రోజూ రకరకాల గొంతులు పట్టుకోవలసిన వాళ్ళకి యూ87 ఇన్నేళ్ళుగా అన్నం పెడుతోంది. కొనేముందు మాత్రం పాడేవాళ్ళ గొంతుతోనే విని చూడాలి. టీఎల్ఎం 103 ఐదు కిలోహెర్ట్జ్ పైన సుమారు 4 డెసిబెల్స్ ఎత్తి చూపిస్తుంది. కొన్ని గొంతులకి అది మెరుగు. మా అమ్మకి ముందు పళ్ళ మధ్య సందుంది, "స" అన్నప్పుడల్లా సన్నగా ఈల వస్తుంది. ఆ ఈలని ఎత్తి చూపే మైకు ఎంత గొప్పదైనా ఆమెకి పనికిరాదు. ఇల్లు చూసి ఇల్లాలిని చూడమన్నారు. మైకు సంగతీ అంతే. ముందు గది, తర్వాత గొంతు, ఆ తర్వాతే బ్రాండు.

నన్ను బాధపెడుతున్నది మాత్రం డబ్బు సంగతి కాదు. వచ్చిన కొత్తలో వంట చేస్తూ అమ్మ ఒక ఉయ్యాల పాట మొత్తం పాడింది. "ఆగమ్మా, మంచి మైకొచ్చాక రికార్డ్ చేద్దాం" అన్నాను. మొన్న క్లోజెట్లో అదే పాట అడిగితే రెండు చరణాల తర్వాత ఆగిపోయింది. "తర్వాతది నోట్లోనే ఉందిరా, రావట్లేదు" అంది.

వచ్చే గురువారం అమ్మ ప్రయాణం. ఇప్పటికి పద్దెనిమిది పాటలయ్యాయి. ఎక్సెల్ షీటు మూసేశాను.