మూగజీవుల మాట విందాం

మా పెరటిలో నాలుగు పెద్ద తెల్లబాతులున్నాయి. పొడవాటి మెడ, నారింజరంగు ముక్కు గల జాతి అది. కావలికి కుక్క తరువాత ఇవేనని తెచ్చుకున్నాము. ఒకనాడు మగబాతు మెడను నేలబారుగా చాచి, బుసకొడుతూ మా చిన్నవాని వెంటబడి పిక్క పట్టుకున్నది. కోపం ఆపుకోలేక మేము కర్రతో కొట్టాము. మరునాడు అది మరింతగా ఎగబడింది. ఇక సంతకు పంపివేయాలనుకున్నాము.

ఆ వారమే, కోసిన వరిచేలలో బాతులను మేపుకుంటూ వచ్చిన ఒక పెద్దాయన మంచినీళ్లకు మా ఇంట ఆగాడు. సంగతి విని, గడ్డివామి వెనుక తొంగిచూచి, “అమ్మగారూ, పెట్ట గుడ్లమీద కూర్చుందండి. ఇది కాపలా కాస్తోంది. కరిచే ముందే చెప్పిందండి, మీకే తెలియలేదు” అన్నాడు. మాకు సిగ్గువేసింది.

ఆయన చెప్పినవి మీకూ చెబుతున్నాము. బాతు మెడ నిటారుగా ఎత్తి కదలక నిలిస్తే, ఏదో కనబడిందన్నమాట. మెడ చాచి బుసకొడితే, ఇక దగ్గరకు రావద్దని. అప్పుడు పరుగెత్తకూడదు, చేయి చాపకూడదు. మెల్లగా పక్కకు తప్పుకోవాలి. పిల్లలు సన్నగా కిచకిచలాడుతుంటే హాయిగా ఉన్నట్లు. ఒక పిల్ల ఆగకుండా గట్టిగా కీచుమంటే, తప్పిపోయిందో, చలివేస్తోందో చూడాలి.

ఆస్ట్రియా దేశపు శాస్త్రజ్ఞుడు కోన్రాడ్ లోరెంజ్ కూడా ఇలాగే ఏళ్ల తరబడి బాతుల మధ్య గడిపి వాటి తీరు గ్రహించాడు. గుడ్డు నుండి వెలువడిన పిల్ల మొదట ఎవరిని చూస్తే వారినే తల్లిగా ఎంచి వెంబడిస్తుందని లోకానికి వివరించాడు. 1973లో మరి ఇద్దరితో కలిసి నోబెల్ బహుమతి పొందాడు.

మన కోడిని గమనించండి. ఆకాశాన గద్ద కనబడితే ఒక కేక, నేలమీద కుక్క వస్తే వేరొక కేక. ఆవు తన దూడను పిలిచే పిలుపు వేరు. మనం వాటిని పిలవడమే నేర్చుకున్నాము గాని, అవి మనతో చెప్పేది వినడం నేర్చుకోలేదు.

సుమారు 30 రోజులకు మా పెట్ట ఐదు పిల్లలను లేపింది. అన్నాళ్లూ మేమెవరమూ గడ్డివామి వైపు పోలేదు. మా చిన్నవాడు రోజూ దూరాన కూర్చుండి, మెల్లగా మాట్లాడుతూ తవుడు పెట్టేవాడు. నేడు ఆ మగబాతు వాని వెంట చెరువుదాకా నడుస్తుంది. కర్ర పట్టిన మమ్మల్ని చూస్తే మాత్రం, ఇప్పటికీ మెడ చాచి బుసకొడుతుంది.