అమ్మీకి చెప్పాల్సింది బేటానే

మన ఇళ్ళల్లో తొలి కాన్పు మైకాలోనే. చిల్లా నిండాక బహూ బిడ్డనెత్తుకుని ససురాల్‌కి వస్తుంది. అసలు పేచీ అప్పుడు మొదలవుతుంది. దాదీ షహద్ నాకిస్తుంది, ఘుట్టీ పోస్తుంది, కళ్ళకు సుర్మా దిద్దుతుంది. బహూ వద్దంటే, "మేం పిల్లల్ని పెంచలేదా?" అంటుంది. బేటా సెల్‌ఫోన్‌లో తల దూరుస్తాడు.

దాదీ మొహబ్బత్ మీద నాకు షక్ లేదు. రాత్రిళ్ళు బిడ్డను భుజానేసుకుని తిరిగేది ఆమే. కానీ ఏడాది నిండని బిడ్డకు షహద్ పెడితే బొటులిజం అనే జబ్బు రావచ్చు. చాలా సుర్మాల్లో సీసం ఉంటుంది. ఆరు నెలలదాకా తల్లిపాలే చాలు, నీళ్ళు కూడా అక్కర్లేదు. తహ్నీక్ సున్నత్ కదా అంటారు. అది పుట్టగానే కాస్త ఖజూర్ గుజ్జు అంగిలికి రాయడం. రోజూ షహద్ నాకించడం కాదు.

సూరా బఖరా 233వ ఆయత్ చూడండి. రెండేళ్ళకు ముందే పాలు మాన్పించాలన్నా తల్లీతండ్రీ ఇద్దరి రజామందీ, మష్వరా ఉండాలంటుంది. అందులో సాస్ ప్రస్తావన లేదు. మరి ఆ మష్వరాలో సగం హిస్సా ఉన్న బాప్ నోరు మెదపకపోతే ఎలా?

బహూ చెబితే గుస్తాఖీ అవుతుంది. అదే మాట బేటా చెబితే అమ్మీ రెండ్రోజులు అలుగుతుంది, అంతే. అదబ్‌తోనే చెప్పొచ్చు: "అమ్మీ, మాలిష్, స్నానం, లోరీ అన్నీ మీవే. నోట్లో ఏం పెట్టినా మమ్మల్నడిగి పెట్టండి." టీకాల రోజు ఆమెనూ దవాఖానాకు తీసుకెళ్ళండి. డాక్టర్ నోట వింటే బహూ మీద గుస్సా సగం తగ్గుతుంది.