కాగితం మీది ఆదాయం

'పన్ను పడకుండా ఎంత వెయ్యాలో అంతే వెయ్యండి సార్.' రిటర్నుల గడువు దగ్గర పడిందంటే షావుకారుపేట, తండయారుపేట, వ్యాసర్పాడి సందుల్లోని ఆడిటరు ఆఫీసుల్లో వినిపించే మాట ఇది. చిన్న కొట్టుదారు బ్యాంకు పాసు పుస్తకం బల్ల మీద పెడతాడు, ఫోనుకు వచ్చిన ఓటీపీ చెబుతాడు, ఫీజు ఇచ్చి కొట్టుకు వెళ్లిపోతాడు. రిటర్నులో ఏ అంకె పడిందో చూసుకునేవారు అరుదు. ఆ అంకె తరవాత ఎప్పుడో బ్యాంకులోనో, కోర్టులోనో ఎదురైనప్పుడు గాని దాని బరువు తెలిసిరాదు.

చెన్నై తెలుగువారిలో నెల జీతం చీటీ లేనివారు తక్కువేం కాదు. కిరాణా, స్టీలు సామాను, బట్టల వ్యాపారం, టిఫిన్ సెంటరు, తాపీ మేస్త్రీ కాంట్రాక్టు, ఆటో, కోయంబేడులో కూరగాయల కొట్టు... ఇలా ఎవరి కష్టం వారిదే. వీరి ఆదాయం ఎంతో చెప్పే కాగితం ఏదైనా ఉందంటే అది ఆదాయపన్ను రిటర్ను ఒక్కటే. ఆ ఒక్క కాగితమే అబద్ధం చెబుతోంది.

ఈ అలవాటు నిన్న మొన్నటిది కాదు. చిన్న దుకాణదారులను పన్ను వలలోకి తేవాలని ప్రభుత్వం పడిన పాట్లకు పెద్ద చరిత్రే ఉంది. 1992లో ఏడాదికి 1,400 రూపాయలు కట్టించుకుని, లెక్కలు అడగకుండా వదిలేసే పథకం పెట్టారు. ఆ తరవాత వన్ బై సిక్స్ వచ్చింది. టెలిఫోను, కారు, క్రెడిట్ కార్డు, విదేశీ ప్రయాణం లాంటి వాటిలో ఏ ఒక్కటున్నా రిటర్ను వెయ్యాల్సిందేనన్నారు. 2006లో దాన్ని ఎత్తేశారు. (అదే ఆలోచన 2019లో వేషం మార్చుకుని తిరిగొచ్చింది. ఏడాది కరెంటు బిల్లు లక్ష దాటినా, విదేశీ ప్రయాణానికి 2 లక్షలకు మించి ఖర్చు పెట్టినా రిటర్ను తప్పనిసరి.) ఆ రోజుల్లో ఆదాయం తగ్గించి చూపితే నిజంగానే నాలుగు డబ్బులు మిగిలేవి. తప్పే అయినా, అందులో లాభం కనిపించేది.

ఇప్పుడు ఆ లాభమూ లేదు. 2019-20 నుంచి 5 లక్షల రూపాయల ఆదాయం దాకా రిబేటు వల్ల పన్ను సున్నా. 2023-24లో కొత్త విధానంలో అది 7 లక్షలైంది. 2025-26 నుంచి 12 లక్షలకు పెరిగింది. నెలకు 40 వేలు సంపాదించే కొట్టుదారు 20 వేలే వస్తోందని రాయించుకుంటే ప్రభుత్వానికి పోయేదీ ఏమీ లేదు, తనకు మిగిలేదీ ఏమీ లేదు. అయినా రాయిస్తున్నాడు. తండ్రి కాలం నాటి భయం అలా రాయిస్తోంది.

చట్టం కూడా దీనికి ఊతమిచ్చింది. 1961 నాటి ఆదాయపన్ను చట్టంలో 44ఏడీ సెక్షను ఉంది. 2026 ఏప్రిల్ 1 నుంచి అమలుకు నిర్ణయించిన కొత్త చట్టంలో సెక్షను అంకె మారినా పద్ధతి అదే. లెక్కల పుస్తకాలు రాయకుండా, అమ్మకాల్లో 8 శాతం లాభంగా చూపితే చాలు. బ్యాంకు ద్వారా, యూపీఐ ద్వారా వచ్చిన డబ్బుపై 6 శాతం సరిపోతుంది. 2 కోట్ల రూపాయల టర్నోవరు దాకా ఈ వెసులుబాటు ఉంది. నగదు వసూళ్లు 5 శాతం మించకపోతే 2023-24 నుంచి 3 కోట్ల దాకా వర్తిస్తుంది. కమిషన్ ఏజెంట్లకు మాత్రం ఇది కుదరదు. చిన్న వ్యాపారికి ఇది మేలైన ఏర్పాటే, సందేహం లేదు. కాకపోతే 8 శాతం అన్నది కనీసం మాత్రమే. అంతకంటే ఎక్కువ మిగిలితే ఆ ఎక్కువే చూపాలి. ఈ రెండో సగం కొట్టుదారు చెవిన వేసేవారు లేరు. దాంతో 8 శాతమే అందరి ఆదాయమూ అయి కూర్చుంది.

దీనివల్ల జరిగే నష్టం ఎంతో లెక్క వేసి చూస్తే గుండె జారుతుంది. వ్యాసర్పాడిలో రెడీమేడ్ బట్టల కొట్టు నడిపే 38 ఏళ్ల వ్యక్తి ఉన్నాడనుకుందాం. ఏడాదికి 30 లక్షల అమ్మకాలు, అదీ ఎక్కువగా నగదు మీదే. నిజంగా మిగిలేది 4.80 లక్షలు. రిటర్నులో పడేది 8 శాతం చొప్పున 2.40 లక్షలు. ఒక రాత్రి రెడ్‌హిల్స్ రోడ్డులో లారీ ఢీకొని అతను చనిపోయాడు. ఇంట్లో భార్య, ఇద్దరు పిల్లలు, తల్లి. నష్టపరిహారం కోసం వారు ట్రిబ్యునల్ మెట్లెక్కుతారు. అక్కడ లెక్క కట్టే పద్ధతిని సుప్రీం కోర్టు 2009లో, 2017లో ఇచ్చిన తీర్పులతో స్థిరపరిచింది. సొంత పని చేసుకునేవారికి 40 ఏళ్ల లోపు వయసైతే ఆదాయానికి 40 శాతం కలుపుతారు. నలుగురు ఆధారపడి ఉంటే అందులో నాలుగో వంతు సొంత ఖర్చుల కింద తీసేస్తారు. మిగిలినదాన్ని 38 ఏళ్ల వయసుకు 15తో హెచ్చవేస్తారు.

రిటర్నులోని 2.40 లక్షలు పట్టుకుని లెక్క కడితే వచ్చేది 37.80 లక్షలు. నిజమైన 4.80 లక్షలతో అయితే 75.60 లక్షలు. పన్ను రూపంలో ఒక్క రూపాయి కూడా మిగల్చని అంకె, తండ్రి పోయిన ఇంటికి 37.80 లక్షలు లేకుండా చేసింది.

'అబ్బే, రిటర్నులో అలా రాశాం గాని నిజంగా ఇంతకు రెట్టింపు వచ్చేదండీ' అని కోర్టులో చెప్పుకోవచ్చు కదా అని అడిగేవారుంటారు. చెప్పుకోవచ్చు, వినడమే కష్టం. తమిళనాడు నుంచి వెళ్లిన ఒక కేసులోనే సుప్రీం కోర్టు 2019 డిసెంబరులో ఈ సంగతి తేల్చింది. రిటర్ను చట్టబద్ధమైన పత్రమని, చనిపోయిన వ్యక్తి ఏడాది ఆదాయాన్ని నిర్ణయించడానికి దానిపై ఆధారపడవచ్చని చెప్పింది. ప్రమాదం జరిగాక హడావిడిగా పెంచి వేసే రిటర్నును ఇన్సూరెన్సు కంపెనీ లాయరు ఊరికే వదలడు. పన్ను శాఖకు ఒక మాట, కోర్టుకు ఒక మాట చెప్పే కుటుంబాన్ని నమ్మమంటే న్యాయమూర్తికైనా ఇబ్బందే.

అంత దూరం పోనక్కర్లేదు. మాధవరంలోనో, పొన్నేరి దారిలోనో చిన్న ఇల్లు కొనుక్కుందామని బ్యాంకుకు వెళ్తే చాలు. గత రెండు మూడేళ్ల రిటర్నులు పట్టుకు రమ్మంటారు. నెలకు 20 వేల ఆదాయం మీద, అందులో సగం వాయిదా కట్టగలడనుకున్నా, 9 శాతం వడ్డీకి 20 ఏళ్ల గడువుతో 11 లక్షల అప్పు పుడుతుంది. చెన్నై చుట్టుపక్కల 11 లక్షలకు ఇల్లు మాట అటుంచి, గోడలు లేవడమే గగనం. అప్పుడు కొట్టుదారు ప్రైవేటు ఫైనాన్సు గుమ్మం తొక్కుతాడు. కందువడ్డీని అరికట్టడానికి తమిళనాడు 2003లోనే చట్టం చేసింది. బ్యాంకు తలుపు మూసుకున్నవాడికి ఆ చట్టం ఏపాటి ఆసరా?

దీనికి తిరగబడిన రోగం మరొకటుంది. అప్పు కావాల్సిన ఏడాది ముందు ఉన్నట్టుండి రాని ఆదాయాన్ని కూడా చూపించేస్తారు. వాయిదాలు మాత్రం అసలు ఆదాయంలోంచే కట్టాలి. నాలుగు నెలలు తిరిగేసరికి చెక్కులు బౌన్సవుతాయి.

తప్పంతా కొట్టుదారు మీదికి నెట్టడం సులువే. అతని భయాలకు కారణాలు లేకపోలేదు. 2023 సెప్టెంబరు 15న తమిళనాడులో ప్రారంభమైన మహిళల వెయ్యి రూపాయల పథకానికి కుటుంబ ఆదాయం ఏడాదికి 2.5 లక్షలు దాటరాదని నిబంధన పెట్టారు. రిటర్నులో నిజం రాస్తే ఇంట్లో ఆవిడకు ఆ వెయ్యి పోతుందేమోనన్నది ఒక గుబులు. ఆ గుబులు అర్థం చేసుకోదగ్గదే గాని, ఏడాదికి 12 వేలను పట్టుకుని లక్షలు వదులుకోవడం ఏ లెక్కన చూసినా గిట్టుబాటు కాదు.

2025 జూలైలో బెంగళూరులో జరిగింది మరో కారణం. యూపీఐ వసూళ్లు చూసి కర్ణాటక వాణిజ్య పన్నుల శాఖ చిరు వ్యాపారులకు నోటీసులు పంపితే, చాలా కొట్ల ముందు 'నగదు మాత్రమే' అన్న అట్టలు వేలాడాయి. అది జీఎస్టీ గొడవ, ఆదాయపన్నుది కాదు. పైగా అమ్మకం వేరు, ఆదాయం వేరు. ఈ తేడా చెప్పకుండా నోటీసు పంపితే చిరు వ్యాపారి దాక్కోక ఏం చేస్తాడు?

నిజంగానే తక్కువ సంపాదించేవారి సంగతి వేరు. వారు తక్కువే చూపాలి, చూపితే లాభం కూడా. పరిశ్రమ హైదరాబాదుకు తరలిపోయినా వడపళని, కోడంబాక్కంలలో ఉండిపోయిన తెలుగు ఎడిటర్లు, అసిస్టెంటు డైరెక్టర్లు, దుస్తుల డిజైనర్ల మాటే తీసుకుంటే, వీరు సొంత వృత్తిదారుల కిందికి వస్తారు. 2016-17 నుంచి వీరు వచ్చిన మొత్తంలో సగం ఆదాయంగా చూపితే చాలు. ఏడాదికి 3 లక్షలు వచ్చినవారి దగ్గర నిర్మాత 10 శాతం చొప్పున 30 వేలు పట్టుకుని ఉంటే, చూపాల్సిన ఆదాయం 1.50 లక్షలే కాబట్టి ఆ 30 వేలూ తిరిగి వస్తాయి. రిటర్ను వేస్తేనే సుమా. 'మనకొచ్చేదెంత, మనకెందుకు రిటర్ను' అనుకుని ఆ డబ్బు వదిలేసుకునేవారికి కరువు లేదు.

నుంగంబాక్కంలోని ఆదాయపన్ను శాఖ ఈ విషయంలో చేయగలిగింది చాలా ఉంది. పన్ను ఎగవేతపై హెచ్చరికలు ఎన్నో వెలువడతాయి. తక్కువ చూపితే చూపినవాడికే నష్టమన్న ముక్క మాత్రం గుమ్మిడిపూండి, మీంజూరు, తిరుత్తణి బజార్లకు చేరడం లేదు. వర్తక సంఘాలు రిటర్నుల సీజనులో ఒక్క సాయంత్రం ఆడిటర్లను కూర్చోబెట్టి తెలుగులో, తమిళంలో చెప్పించినా సగం పని అవుతుంది. చిన్న వ్యాపారులు నింపే సుగం ఫారంలో 8 శాతం గడి పక్కనే, ఇది కనీసం మాత్రమేనని, నిజమైన లాభం ఎక్కువైతే అదే రాయాలని, అప్పుకైనా నష్టపరిహారానికైనా రేపు చూసేది ఈ అంకెనేనని రెండు వరుసలు చేర్చాలి. ఇందుకు చట్టాన్ని సవరించే పని లేదు, బడ్జెట్ దాకా ఆగాల్సిన అవసరమూ లేదు.