గుట్ట అమ్మకానికుంది, గది మాత్రం దొరకదు



హైదరాబాద్ చుట్టూ ఏ రోడ్డెక్కినా ఇప్పుడు ఒకటే ప్రచారం. హిల్ వ్యూ విల్లాలు, గుట్ట పక్కన ఫామ్ ప్లాట్లు, అడవి గాలి, వీకెండ్ హోం. వికారాబాద్ అనంతగిరి దాకా ఇదే వరస. సిటీలో సంపాదించినోళ్లకు గుట్ట కావాలి. అదే సమయంలో గుట్టల్లోంచి చదువుకోను వచ్చిన మన పిల్లలకు తార్నాకలో పది బై పది రూము కావాలి. మొదటోళ్లకు బ్యాంకు లోను ఇచ్చి మరీ ఇల్లు చూపిస్తున్నారు. రెండోవాళ్లకు టు-లెట్ బోర్డు ఉన్న ఇల్లు కూడా దొరకట్లేదు.

ఉస్మానియా క్యాంపస్‌లో చదివిన మనోళ్లందరికీ ఈ సంగతి తెలుసు. హాస్టల్‌లో సీటు రాకపోతే ఇంకొకరి గదిలో నాన్ బోర్డర్‌గా ఉండాలి. అదీ కుదరకపోతే తార్నాక, హబ్సిగూడ, లాలాపేట, నాచారం గల్లీలు తిరగాలి. కిరాయి ఎంతో చెప్పకముందే "ఏ ఊరు బాబూ?" అని అడుగుతారు. ఊరు చెప్తే "మీరేమిటోళ్లు?" అంటారు. ఆ తర్వాత "నాన్‌వెజ్ తింటారా?" అని ఇంకోటి. నన్ను కూడా ఒక ఇంట్లో ఈ మూడూ వరసగా అడిగిన్రు. చివరికి "ఇప్పుడే ఎవరో అడ్వాన్స్ ఇచ్చిపోయిన్రు" అన్నరు. బోర్డు మాత్రం నెల దాకా అట్లనే వేలాడింది.

దీనికి చట్టం లేదా అని తమ్ముళ్లు అడుగుతుంటారు. ఉన్నంతవరకు చెప్పుకుందాం. రాజ్యాంగం 15(2) అధికరణ దుకాణాలు, హోటళ్లు, బావులు, చెరువులు, రోడ్ల దగ్గర వివక్ష చూపొద్దంటుంది. అందులో కిరాయి ఇంటి ప్రస్తావన లేదు. కులం పేరు పెట్టి నలుగురి ముందు తిడితే 1989 అట్రాసిటీ చట్టం కింద కేసు అవుతుంది. నవ్వుకుంటూ "రూం ఇచ్చేసినం" అంటే దేన్ని పట్టుకుని కేసు పెడతాం? అహ్మదాబాద్‌లోని ఒక పార్సీ హౌసింగ్ సొసైటీ కేసులో 2005లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ఇంకో అడుగు వెనక్కి వేసింది. సొసైటీ తన సభ్యత్వాన్ని ఒక సమూహానికే పరిమితం చేసుకోవచ్చని చెప్పింది. అంటే సిటీలో ఇంటి తలుపు దగ్గరికి వచ్చేసరికి సమానత్వం గడప బయటే ఆగిపోతున్నది.

ఇప్పుడు గుట్టల సంగతికి వద్దాం. హైదరాబాద్ అసలు గుట్టల మీద పుట్టిన ఊరే. ఈ గ్రానైట్ బండల వయసు దాదాపు 250 కోట్ల ఏళ్లని భూగర్భ శాస్త్రవేత్తలు చెప్తారు. తార్నాక నుంచి కాస్త దూరం పోతే మౌలాలి గుట్ట ఉంది. దాని మీద దర్గా ఉంది కాబట్టి ఆ గుట్ట మిగిలింది. దేవుడు లేని గుట్టలు ఎన్నో కంకరైపోయినయి. మిగిలిన బండలనైనా కాపాడాలని 1996లో 'సొసైటీ టు సేవ్ రాక్స్' ఏర్పడింది. బంజారాహిల్స్ పేరు చూడండి. ఒకప్పుడు ఆ గుట్టల్లో ఉన్న బంజారాల వల్ల వచ్చిన పేరది. పేరు ఖరీదైన అడ్రస్ అయింది, ఆ మనుషులు మాత్రం ఆ అడ్రస్‌లో కనపడరు.

మొన్నమొన్నటి సంగతులు కూడా అంతే. 2024 అక్టోబరులో వికారాబాద్ దామగుండం అడవిలో నేవీ రాడార్ కేంద్రానికి శంకుస్థాపన జరిగింది. దానికిచ్చిన అటవీ భూమి దాదాపు 2,900 ఎకరాలు. 2025 మార్చి చివర కంచ గచ్చిబౌలి 400 ఎకరాల్లో బుల్డోజర్లు దిగితే సెంట్రల్ యూనివర్సిటీ విద్యార్థులు అడ్డం నిలబడ్డరు. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు చెట్ల నరికివేతను ఆపింది. ఆ కొట్లాట చేసింది ఇల్లు కొనుక్కున్నోళ్లు కాదు, హాస్టళ్లలో ఉండే పిల్లలు. ఇది గుర్తుపెట్టుకోవాలె.

మన ఏజెన్సీలో 1/70 చట్టం ఉంది. షెడ్యూల్డ్ ప్రాంతంలో గిరిజనేతరుల పేరు మీదికి భూమి మారకుండా అది అడ్డం పడుతుంది. ఎన్ని తూట్లు పొడిచినా ఆ చట్టమే ఇంకా మన గుట్టలకు కంచె. హైదరాబాద్ చుట్టుపక్కల గుట్టలకు ఆ కంచె లేదు. అందుకే 1/70 ఎత్తేయాలని ఎవరన్నా మాట్లాడితే వాళ్లకు హైదరాబాద్ గుట్టల్ని చూపించండి. ఎత్తేస్తే ఉట్నూరు, ఏటూరునాగారం, అమ్రాబాద్ ఎట్లయితయో అక్కడే కనపడుతుంది.

ఇంకో మాట మనలో మనం అనుకోవాల్సింది. మనోళ్లలో కూడా కొందరికి ఉద్యోగాలొచ్చినయి. ఊరు గుర్తొచ్చి గుట్ట దగ్గర చిన్న ఇల్లు కట్టుకోవాలనిపిస్తుంది. ఆ కోరిక తప్పు కాదు. కొండరెడ్ల పేరులోనే కొండ ఉంది, గుట్ట మనకు అమ్మగారిల్లు. అయితే అడ్వాన్స్ ఇచ్చే ముందు నాలుగు విషయాలు తెలుసుకోండి. ఒకటి, అది అసైన్డ్ భూమా? అయితే 1977 నాటి 9వ నంబరు చట్టం ప్రకారం ఆ అమ్మకం చెల్లదు. అది ఇంకో పేదోడికి సర్కారు ఇచ్చిన భూమి. రెండు, ఫామ్ ప్లాట్ పేరుతో గుంటల లెక్కన అమ్ముతుంటే లేఅవుట్ అనుమతి, రెరా నంబరు చూపించమనండి. మూడు, ఆ గుట్ట నుంచి దిగే వాన నీళ్లు ఏ చెరువులోకి పోతున్నయి, మీ ఇల్లు ఆ దారికి అడ్డమా? నాలుగు, నిన్నటిదాకా అక్కడ మేకలు మేపినోళ్లు ఇయ్యాల ఎక్కడున్నరు? నాలుగో ప్రశ్నకు జవాబు దొరకని చోట మనం ఇల్లు కట్టుకోవద్దు. ఊర్లో మనకు జరిగిన అన్యాయాన్ని మనమే ఇక్కడ ఇంకొకరికి చేసినట్టయితది.

సర్కారును మనం అడగాల్సినవి రెండు. పీజీ, పరిశోధన, కోచింగ్ కోసం వచ్చే ఆదివాసీ పిల్లలందరికీ సరిపోయేటన్ని హాస్టల్ సీట్లు సిటీలో కావాలి. కులం అడిగి కిరాయి ఇల్లు నిరాకరిస్తే నేరంగా చూసే స్పష్టమైన నిబంధన కావాలి. ఈ రెండూ వచ్చేదాకా మన పని మనం చేద్దాం. సీనియర్లు గది ఖాళీ చేసేటప్పుడు ఇంటి ఓనర్‌తో మాట్లాడి మన జూనియర్‌ను ఆ గదిలో దించి పోవాలె. మర్యాదగా చూసే ఓనర్లు కూడా ఉన్నరు, వాళ్ల ఇండ్ల జాబితా ప్రతి హాస్టల్‌లో ఉండాలె. కొత్తగా వచ్చిన చెల్లెలు బ్యాగు మోసుకుంటూ గల్లీ గల్లీ తిరగకముందే ఆ జాబితా ఆమె చేతికి అందాలె.

ఈ అడ్మిషన్లకే మొదలుపెడదాం. జోహార్!